అంచుకు పోసే నీళ్లు

మా ఆయన పోయిన తర్వాత కూడా నేను వదలని పనుల్లో ఒక మొక్కకు నీళ్లు మోసుకురావడం ఒకటి. రోజంతా ఊళ్లు తిరిగి, సూదులు వేసి, బరువులు చూసి, చూసిందంతా ఫోనులో ఎక్కించి, సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు నా సంచిలో టిఫిను డబ్బా పక్కన రెండు సీసాల నీళ్లు ఉండేవి. దవాఖానలో మందుల గదికి ఏసీ ఉంది. దాని వెనక పైపులోంచి చుక్క చుక్కగా కారే నీళ్లను బకెట్లో పట్టి, సీసాల్లో నింపుకుని ఇంటికి తెచ్చేదాన్ని. నేను తాగడానికి కాదు, మా అత్తమ్మ తాగడానికీ కాదు. నడవలో నీడన కూర్చున్న మహారాణికి.

అమ్మినవాడు దాని పేరు బర్డ్స్ నెస్ట్ ఫెర్న్ అన్నాడు. మేం ఇంట్లో గూడు మొక్క అనుకునేవాళ్లం. వానలు విడవకుండా కురిసే వేడి అడవుల్లో, పెద్ద చెట్ల కొమ్మల మీద కూర్చుని, పైనుంచి రాలే ఆకుల్ని దొప్పలో పట్టుకుని బతికే జాతి అది. ఆకులు వెడల్పుగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటాయి. నడుమ నల్లటి ఈనె. అన్ని ఆకులూ ఒకే చోటి నుంచి గుండ్రంగా లేస్తాయి. ఆ గుంటలో గోధుమరంగు నూగు ఉంటుంది. కొత్త ఆకు ఆ నూగులోంచే చుట్ట చుట్టుకుని వస్తుంది. వానలు విడవని అడవి ఎక్కడ, బోరు వేస్తే దుమ్ము లేచే మా ఊళ్లు ఎక్కడ. ఇలాంటి మొక్క మా ఇంటికి రావడమే తప్పు అని నేను చాలాసార్లు అనుకున్నాను.

అప్పుడు నేను గూడూరు దగ్గర ఏఎన్‌ఎంగా పనిచేసేదాన్ని. అది మహబూబాబాద్ జిల్లా. మా సొంత ఊరు జనగామ జిల్లా లింగాల ఘనపూర్ పక్కన ఒక పల్లె, మాకు ఘనపూర్ అంటే అదే. ఉద్యోగం కోసం గూడూరులో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మా ఆయన కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టేవాడు. వైండింగ్ షాపంటే ఏముంది, రోడ్డు పక్కన ఒక రేకుల గది, ఒక బల్ల, చుట్టూ విప్పి పడేసిన మోటార్లు. మామయ్య పోయాక అత్తమ్మ కూడా మా దగ్గరికే వచ్చింది. పెళ్లై ఎన్నేళ్లైనా మాకు పిల్లలు పుట్టలేదు. ఉద్యోగమేమో ఊళ్లో పిల్లలందరినీ తూకం వేయడం. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత నవ్వొచ్చేది, ఆ తర్వాత ఏదీ రావడం మానేసింది.

ఆయన రాగితీగ కొనడానికి మహబూబాబాద్ వెళ్లిన ఒకరోజు ట్రాలీ ఆటోలో మొక్కలు అమ్మేవాడి దగ్గర దాన్ని కొనుక్కొచ్చాడు. మా అద్దె ఇంటి నడవలో ఎండ పడదు. మల్లె పెట్టాం, చచ్చిపోయింది. మందారం పెట్టాం, అదీ పోయింది. ఎండ లేకుండా బతికేది ఏదైనా ఉందా అని అడిగితే వాడు ఇది చూపించాడట. ఆయన కుండీతో వచ్చేసరికి అత్తమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను వంటింట్లో ఉన్నాను.

"గిదేందిరా?" అంది.

"మొక్క అవ్వా." తల్లిని ఆయన అవ్వా అనే పిలిచేవాడు.

"మొక్కని నాకు కండ్లు లేవా? ఏం పూలు పూస్తది?"

"పూలు పుయ్యది."

"కాయలు?"

"కాయలు గూడ కాయది."

"పూత లేదు, కాత లేదు, మరెందుకు తెచ్చినవ్? మేకలకు ఏద్దామంటే మేకలు గూడ లేకపాయె."

అత్తమ్మ చెడ్డ మనిషి కాదు. నోరు మాత్రం మిరపకాయ. పత్తి ఏరి, మిరప ఏరి, కూలికి పోయి కొడుకుల్ని పెంచిన మనిషికి పుయ్యనిదీ కాయనిదీ ఎందుకు పెంచాలో నిజంగానే అర్థం కాదు. అయితే ఆ మాట నాకు కొత్త కాదు. పెళ్లైన కొన్నేళ్లకు ఘనపూర్ ఇంటి వాకిట్లో, పక్కింటామెతో నా గురించి సరిగ్గా ఆ రెండు ముక్కలే అంది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. తర్వాత ఆమె ఆ మాట అనడం మానేసింది గానీ, నేను వినడం మానలేకపోయాను. ఇప్పుడు మొక్కను అంటున్నా నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"పుయ్యకుంటే ఏందవ్వా? పచ్చగ ఉన్నది గదా" అన్నాడు ఆయన.

అంత మాత్రమే అన్నాడు. వంటింటి వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు ఒళ్లు మండేది. చూడకుండా కుండీని రెండు చేతులా ఎత్తుకుని నడవలోకి తీసుకుపోయాడు.

దాన్ని పెంచడం కాలిన మోటారును బాగుచేసినంత శ్రద్ధగా మొదలుపెట్టాడు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న మట్టికుండీ తెచ్చాడు. అడుగున ఇటుక ముక్కలు పరిచాడు. దాని మీద కొబ్బరి పీచు, చితక్కొట్టిన పొయ్యి బొగ్గు, బాగా మాగిన పశువుల ఎరువు గుప్పెడు. నల్లమట్టి మాత్రం వేయనివ్వలేదు, నీళ్లు పట్టుకుని వేళ్లకు ఊపిరాడకుండా చేస్తుందని. "తడి ఉండాలె, నీళ్లు నిలవొద్దు" అని నాకు పాఠం చెప్పేవాడు. అమ్మినవాడు ఆయనకు చెప్పిన ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది. నీళ్లు కుండీ అంచుకు పోయాలి, నడుమ పోయకూడదు. నడిమి గుంటలో నీళ్లు నిలిస్తే దాని గుండె కుళ్లిపోతుంది. ఈ మొక్కకు ఉన్నది ఒకటే గుండె. పక్కన పిలకలు వేయదు, కొమ్మ తెంచి గుచ్చితే నాటుకోదు. అది పోతే మొక్క పోయినట్టే.

మొదట్లో బోరు నీళ్లే పోశాం. కొన్నాళ్లకు ఆకుల కొసలు కాలినట్టు అయ్యాయి, కుండీ చుట్టూ తెల్లగా ఉప్పు పేరింది. మా గిన్నెల మీద పేరేదే అది. మేం ఆ నీళ్లు తాగి బతుకుతున్నాం, మొక్కకు మాత్రం పడలేదు. ఏసీ నీళ్ల సంగతి కనిపెట్టింది ఆయనే. నన్ను దించడానికి దవాఖానకు వచ్చినప్పుడు, కారిపోతున్న పైపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. అప్పట్నుంచి నా సంచి బరువెక్కింది. వానాకాలంలో మాత్రం చూరు కింద బకెట్లు పెట్టి వాన నీళ్లు పట్టేవాళ్లం, అప్పుడు నాకు సెలవు. నెలకోసారి పలచటి పేడనీళ్లు, అవీ అంచుకే.

ఒకసారి అత్తమ్మ చీపురు తగిలి ఒక పెద్ద ఆకు నడుము దగ్గర వంగిపోయింది. తెంపెయ్యి అన్నాను నేను. ఆయన ఒప్పుకోలేదు. సన్నటి వెదురు పుల్ల ఒకటి గుచ్చి, మోటారు చుట్లను కట్టే తెల్లటి నూలు టేపుతో ఆ ఆకును పుల్లకు కట్టాడు. మోటారుకు ఎలా కడతాడో అలాగే, రెండు ముడులు వేసి, కొస లోపలికి దోపి. ఆకు నిలబడింది.

ఆ ఎండాకాలమే ఆయన షాపులో మోటారు విప్పుతూ కూర్చున్న చోటే ఒరిగిపోయాడు. గుండెపోటు. నేను పక్క ఊళ్లో ఒక బాలింత ఇంట్లో ఉన్నాను. బీపీ చూసే మిషను నా సంచిలోనే ఉంది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

తర్వాత నన్ను మొగుళ్లపల్లి వైపు బదిలీ చేశారు. అది భూపాలపల్లి జిల్లా. సామాను ట్రాలీలో ముందే పోయింది. మొక్కను కూడా దాంట్లోనే పంపిద్దామంటే అత్తమ్మ వద్దంది. "ఆ గుంతల రోడ్డుకు మంచాల నడుమ పడి నలుగుతది" అంది. పుయ్యనిదాన్నీ కాయనిదాన్నీ నర్సంపేట బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కుండీ తడి చీరకంతా అంటింది. కండక్టర్ వచ్చి, "అవ్వా, చెట్టుకు టికెట్ కొట్టాల్నా?" అన్నాడు.

"ఎందుకు కొడ్తవ్ బిడ్డా? ఆడోళ్లకు ఫ్రీ అయిపాయె గదా. ఇది గూడ ఆడిదే. జీరో టికెట్ కొట్టు" అంది.

బస్సంతా నవ్వింది. చాలా నెలల తర్వాత నేనూ నవ్వాను. నవ్వి, కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆమె చూసింది. కుండీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

కొత్త ఇంట్లో ఉత్తరం వైపు చిన్న వరండా దొరికింది. వెలుతురు ఉంది, ఎండ లేదు. మొక్క కుదురుకుంది. నేను కుదురుకోలేదు. కొత్త ఊళ్లు, కొత్త బస్సులు, పొద్దున లేచింది మొదలు వాళ్ల ఫోను వీళ్ల ఫోను. ఇంటికొచ్చి చెప్పులు విప్పితే మళ్లీ లేవబుద్ధి కాదు. ఇద్దరు ఆడవాళ్లం ఒక కూర వండుకుని, టీవీ ముందు కూర్చుని, ఏం చూస్తున్నామో తెలియకుండా చూసేవాళ్లం. ఆయన గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. మాట్లాడితే ఎవరో ఒకరు ఏడవాలి, ఇంకొకరు ఓదార్చాలి, అంత ఓపిక ఇద్దరికీ లేదు. సీసాల్లో నీళ్లు తెచ్చి పోయడం మాత్రం ఆపలేదు. ఆయన చేతి పని ఇంట్లో ప్రాణంతో మిగిలింది అదొక్కటే. మిగతావన్నీ ఇనుము, రాగి.

మరుసటి వానాకాలం ఊళ్లల్లో చికున్‌గున్యా వచ్చింది. ఇంటింటికీ పోయి తొట్లల్లో నీళ్లు పారబోయండమ్మా, దోమలు పెరుగుతాయని చెప్పిన నాకే ముందు వచ్చింది. దానికి తెలుసు ఎవర్ని పట్టుకోవాలో. జ్వరం తగ్గినా కీళ్లు పట్టేశాయి. గ్లాసు ఎత్తలేను, పక్క మీద అటు నుంచి ఇటు తిరగలేను. చాలా రోజులు మంచానికే అంటుకుపోయాను. వంట, నీళ్లు, నన్ను లేపి కూర్చోబెట్టడం, అన్నీ అత్తమ్మే చేసింది. పొద్దున్నే ఆమె తులసి దగ్గర ఏదో గొణుక్కుంటూ నీళ్లు పోసే చప్పుడు వినపడేది. తర్వాత అదే చెంబుతో వరండాలోకి నడిచే చప్పుడు. మొక్కను కూడా చూసుకుంటోంది, పర్వాలేదు అనుకుని కళ్లు మూసుకునేదాన్ని.

గోడ పట్టుకుని వరండాలోకి నడిచిన రోజున కుండీ వైపు చూసి నేను అలాగే కింద కూర్చుండిపోయాను. ఆకులు లేవు. మొదళ్ల దాకా కోసేసిన ముక్కలు. వాటి మీద, నడిమి గుంటలో, అంతటా బూడిద. పొయ్యి బూడిద తడిసి ముద్దై, పిండి కలిపినట్టు పేరుకుంది. ఒక్క ఆకు మాత్రం నిలబడి ఉంది.

"ఏం జేసినవ్ అత్తమ్మా?"

ఆమె చెంబు పట్టుకుని నవ్వు ముఖంతో వచ్చింది. నేను లేచి నడిచినందుకు సంతోషం. "తెగులు పట్టింది బిడ్డా. ఆకుల కింద గీతలు గీతలుగ, వరుసపెట్టి గుడ్లు పెట్టినట్టు ఉన్నయి. పురుగు గుడ్లే. నువ్వు పడకల ఉంటివి, అడుగుదామంటే మనసొప్పలే. తెగులాకు తెంపి దూరం పారెయ్యాలె గదా. పంచాయతి చెత్త ట్రాక్టర్ల ఏసిన. బూడిద జల్లిన. చిక్కుడుకు పేను పడితే గదే గదా మందు. తులసమ్మకు పోసినట్టే రోజు నెత్తి మీదికెల్లి చల్లగ నీళ్లు గూడ పోసిన."

పత్తి చేనులో ఆకు తిప్పి చూడటం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. చేనులోకి దిగితే ముందు ఆకు వెనక్కి తిప్పాలి, పురుగు ఉండేది అక్కడే. చూసింది, పట్టుకుంది, చేయాల్సింది చేసింది. ఏ చేనులోనైనా అది మంచి సేద్యమే. ఈ ఒక్క మొక్కకే అది చావు.

ఆ గీతలు ఏమిటో నాకు తెలుసు. ఆయన ఉన్నప్పుడే ఫోనులో వీడియో చూశాం. ఆకు బాగా ముదిరాక వెనక ఈనె నుంచి ఏటవాలుగా, పెన్సిలుతో గీసినట్టు గోధుమరంగు గీతలు వస్తాయి. ఆ గీతల నిండా పొడి ఉంటుంది. విత్తనం వేరే లేదు, ఆ పొడే విత్తనం.

"అవి పురుగు గుడ్లు కాదు. దాని ఇత్తులు!" అని అరిచాను. గొంతు నాదేనా అనిపించింది.

"పుయ్యనిదానికి ఇత్తులెట్ల వస్తయే?"

"వస్తయి. దానికి గట్లనే వస్తయి. అన్నీ నీ చేన్ల పత్తి లెక్కనే ఉండాల్నా? ఒక్కటి మిగిల్చి పోయిండు ఆయన. ఒక్కటి. అది గూడ మట్టిల కలిపినవ్."

జ్వరం వల్లో, ఏడాదికి పైగా పట్టి ఉంచిన ఏడుపు వల్లో, నేను ఆగలేదు. ఏమేమో అన్నాను. ఆమె తిరిగి ఒక్క మాట అనలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. నోరున్న మనిషి నోరు మూసుకుంటే ఇల్లు ఎంత బరువుగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఏడ్చి అలసిపోయాక ఆ మిగిలిన ఆకు వైపు చూశాను. దాన్ని తిప్పాను. దాని వెనక కూడా గీతలు ఉన్నాయి. దట్టంగా ఉన్నాయి.

"మరి దీన్నెందుకు తెంపలే?" అన్నాను. "దీనికి గూడ ఉన్నది గదా నీ తెగులు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది వాడు కట్టింది" అంది.

చూశాను. వెదురు పుల్ల, తెల్లటి నూలు టేపు మాసిపోయి బూడిదరంగుకు వచ్చింది, రెండు ముడులు, కొస లోపలికి దోపి ఉంది. కత్తి పట్టుకుని ఆకు ఆకూ కోస్తూ వచ్చి, అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది. తెగులు అంటుకుంటుందని తెలిసీ వదిలేసింది. కొడుకు కట్టిన కట్టును కోయలేక, పత్తి రైతు చేయకూడని తప్పు చేసింది.

బూడిదంతా కడిగి, గుంటలో నీళ్లు దూదితో అద్ది తీశాను. లాభం లేకపోయింది. రెండు మూడు రోజులకు నడిమి నూగు నల్లబడింది, వేలు పెడితే మెత్తగా దిగింది, కుళ్లు వాసన వచ్చింది. దవాఖానలో అలాంటి వాసన వస్తే మేం ఎవరికీ ఏమీ చెప్పం, ముఖం చూసి వాళ్లకే తెలిసిపోతుంది. అత్తమ్మకూ తెలిసింది.

ఇక ఒక్కటే దారి. ఆ ఆకును కోసి, కాగితంలో పొట్లం కట్టి, పొడి రాలనిచ్చి, దాన్ని మొలిపించాలి. ఆకు దానంతట అది ఎండే దాకా ఆగితే పొడి వరండా గాలికి పోతుంది. ఇప్పుడే కోయాలి. కోయాలంటే ఆ కట్టు విప్పాలి. నేను చెప్పింది విని అత్తమ్మ కుండీకి అడ్డంగా కూర్చుంది.

"వాడు కట్టింది ఇప్పుతవా?"

"ఇప్పకుంటే ఎట్ల అత్తమ్మా? మొక్క సచ్చిపోయింది. ఆకు గూడ నాలుగొద్దులల్ల వాలిపోతది."

"వాలని. వాలినా వాడు కట్టినట్టే ఉంటది. దుమ్ము మొలుస్తదని ఎవలు జూసిండ్రు? నువ్వు జూసినవా?"

నేను చూడలేదు. వీడియోలో ఎవరో పెంచారు, ఎక్కడో తేమ గాలి ఉన్న ఊళ్లో. మొలవకపోతే ఆకూ పోతుంది, కట్టూ పోతుంది. ఆమె భయం నాకు అర్థమైంది, నాకూ అదే భయం. వాదించే ఓపిక లేక పోయి పడుకున్నాను.

పొద్దున్న లేచేసరికి ఆమె కుండీ ముందు కూర్చుని ఉంది. టేపు విప్పేసింది. దాన్ని కొంగు కొసకు ముడేసుకుంది, ఊరికి పోయేటప్పుడు చిల్లర కట్టుకున్నట్టు. ఆకు పుల్ల లేకుండా పక్కకు వాలి ఉంది.

"ముడి మస్తు గట్టిగ ఏసిండు" అంది నా వైపు చూడకుండా. "పండ్లతోని ఇప్పిన. తెంపు ఇగ."

నేను తెంపాను. తెల్ల కాగితంలో పొట్లం కట్టి ఆయన ఫొటో ఉన్న గూట్లో పెట్టాను. కొన్నాళ్లకు విప్పితే కాగితం మీద పసుపు కంటే మెత్తటి గోధుమరంగు పొడి. తుమ్మితే పోయేంత. అత్తమ్మ ఊపిరి బిగపట్టి చూసింది.

మొలిపించే పద్ధతి పెద్ద కష్టమేం కాదు, ఓపిక కావాలి. నా దగ్గర లేనిదే అది. పాత ఎర్ర ఇటుక ముక్క ఒకటి తీసుకుని నీళ్లలో బాగా మరగబెట్టాను, దాని మీద వేరే నాచు, బూజు లేకుండా. నా వృత్తిలో మరగబెట్టడం ఒక్కటే నాకు గట్టిగా నమ్మకం ఉన్న పని. చల్లారాక మిఠాయి వచ్చే పారదర్శకమైన డబ్బాలో పెట్టి, అడుగున మరగబెట్టి చల్లార్చిన ఏసీ నీళ్లు కొంచెం పోశాను. ఇటుక కింద నుంచి తడి పీల్చుకుంటుంది. దాని మీద కాగితం వేలితో తట్టి ఆ పొడిని పలచగా చల్లాను. మూత పెట్టేశాను. లోపల ఆవిరి పట్టి అడవి గాలి లాగా ఉంటుంది. ఎండ పడని కిటికీ దగ్గర పెట్టి, మూత తీయకుండా ఉండాలి, అంతే.

"మొలిసిందా?" రోజూ పొద్దున అత్తమ్మ ప్రశ్న.

"మొలవలే."

"నువ్వు సరిగ జల్లినవా?"

"జల్లిన అత్తమ్మా."

"జర ఎక్కువ జల్లాల్సుండె."

నాకు కీళ్ల నొప్పులు పూర్తిగా పోలేదు. మెట్లు దిగితే మోకాళ్లు పట్టేసేవి. అలాగే డ్యూటీకి పోయాను, అలాగే వచ్చాను. డబ్బా వైపు చూడటం కూడా మానేశాను. ఒకరోజు వచ్చేసరికి అత్తమ్మ డబ్బా పట్టుకుని, మూత మీద చెయ్యి వేసి కూర్చుంది.

"దీంట్ల నాచు పట్టింది. కడుగుదామా అనుకున్న. మల్ల నువ్వొచ్చినంకనే అడుగుదామని ఊకున్న" అంది.

ఇటుక మీద పచ్చగా పొర కమ్మింది. దగ్గరగా చూస్తే అది నాచు కాదు. గోరు మీద మచ్చంత పచ్చటి పొలుసులు, ఒక్కోటి నడుమ చిన్న నొక్కుతో, ఒకదాని మీద ఒకటి. ఫెర్న్ ముందు అలాగే మొలుస్తుంది. ఆ పొలుసులకు తడి తగిలాకే వాటి కింది నుంచి అసలు మొక్క వస్తుంది. ఇది చెప్పాను.

"గింతేనా?" అంది. "గీ దానికా గింత పరేషాన్?"

అయినా మర్నాడు రెండు పూటలా కూర ఆమే వండింది. కారం తక్కువ వేసింది, నాకు పడదని. ఇన్నేళ్లలో మొదటిసారి.

చలికాలం పోయే సరికి ఆ పొలుసుల్లోంచి సన్నటి ఆకులు తలలు ఎత్తాయి, పిల్లి నాలుక కంటే చిన్నవి. డబ్బా మూత కొంచెం కొంచెంగా తీస్తూ బయటి గాలి అలవాటు చేశాను. కొన్ని వాడిపోయాయి. ఎండాకాలంలో ఇంకొన్ని పోయాయి. తడి గోనెసంచి చుట్టూ కట్టి, దినానికి నాలుగుసార్లు దాన్ని తడిపింది అత్తమ్మ. నన్ను నిద్ర లేపి మరీ అడిగేది, తడి ఎక్కువైందా, తక్కువైందా అని. వానలు పడ్డాక వాటిలో గట్టిగా ఉన్నవాటిని కొబ్బరి పీచు, బొగ్గు ముక్కలు కలిపి చిన్న మట్టి గురుగుల్లో విడివిడిగా పెట్టాం. పెద్దదానికి అరచేయి అంత ఆకులు వచ్చాయి. గుండ్రంగా, నడుమ చిటికెన వేలు పట్టేంత గుంటతో.

ఆ ఏడు పెత్రమాసకు ఘనపూర్ పోయాం. పోయినవాళ్ల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చే రోజు అది. మరిది ఇంట్లోనే ఇస్తాం, మా పాత ఇల్లు అదే. పెద్ద గురిగిని తీసుకుపోదామని అత్తమ్మ పట్టుబట్టింది. "వానికి సూపియ్యాలె" అంది. మళ్లీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఈసారి కండక్టర్ ఏమీ అడగలేదు. వాకిట్లో బియ్యం పళ్లెం, గుమ్మడికాయ, ఆయన ఫొటో పెట్టి, పక్కన ఆ గురిగిని పెట్టింది. కొంగు కొసన ఆ టేపు ముడి అలాగే ఉంది. ఎన్ని చీరలు మార్చినా కొంగు నుంచి కొంగుకు అది మారుతూ వస్తోంది.

అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఊరంతా పూలే. పక్కింటామె, అత్తమ్మ ఈడు మనిషి, ఒడి నిండా తంగేడు, గునుగు పూలు కోసుకుని వచ్చి మా వాకిట్లో ఆగింది. మొక్కను చూసింది.

"గిదేందే, కొత్త చెట్టు? దీని పూలు బతుకమ్మల పెట్టరాదా?"

"పూలు పుయ్యది" అంది అత్తమ్మ.

"కాయలన్న కాస్తదా?"

"కాయది."

"పూత లేదు, కాత లేదు, ఏం సోకే నీకు!" అని పెద్దగా నవ్వింది. నవ్వుతూ నా వైపు ఒకసారి చూసింది. కావాలని కాదేమో. అయినా చూసింది. నేను తలుపు వెనక నిలబడి ఆ మాట మొదటిసారి విన్నది ఆ ఇంట్లోనే, ఆ ఇద్దరి మధ్యే. లోపలికి పోదామని లేవబోయాను, మోకాళ్లు వెంటనే లేవనివ్వలేదు.

అత్తమ్మ పళ్లెంలో బియ్యం సర్దుతోంది. సర్దడం ఆపలేదు.

"పుయ్యకుంటే ఏందే?" అంది. "పచ్చగ ఉన్నది గదా."

ఆ మాట ఎవరిదో ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. పక్కింటామె నవ్వు ఆపింది. అత్తమ్మ తల ఎత్తి ఆమెను చూసింది. "దుమ్ముల కెల్లి మొలిపించింది నా కోడలు. మా ఇంట్ల పుట్టింది ఇది. ఇంకో మాట అనకు" అంది.

నేను ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఇన్నేళ్ల అలసట అంతా ఆ గడప మీద దించినట్టు కూర్చుని ఏడ్చాను. పక్కింటామె పూల ఒడి సర్దుకుని మెల్లగా వెళ్లిపోయింది.

"ఏడ్సింది సాలు, నీళ్లియ్యి. దీనికి గొంతెండింది" అంది అత్తమ్మ.

సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. ఆమె గురిగి ముందు గొంతుక్కూర్చుని, ఎడమ అరచెయ్యిని ఆ చిన్న గుంట మీద గొడుగులా పట్టి, చుక్క నడుమ పడకుండా, అంచు చుట్టూ మెల్లగా పోసింది.